లోడు మీద

మూడు రోజుల నుంచీ మెయిను మాట్లాడుతాంది.
కుక్కరేమో అనుకుంటి మొదట,
ఆమీట తేనెటీగ అనుకుంటి.
చెవి ఆనిస్తే, మీటరు పక్కన
ఆ నల్ల డబ్బా పండ్లు కొరుకుతాంది.

చెయ్యి పెడితే జ్వరమొచ్చిన బిడ్డ నుదురు.
వాసన మటుకు చేపది.
మా ఇంట్లో చేప వండి రెండు నెలలాయ.

రాయదుర్గంలో మా వీధికి
కరెంటంటే దీపం కాదు,
జిప్పు, జేబు, బెల్టు లూపు.
రెండు మోటారు మిషన్లు, ఒక ఓవర్‌లాకు,
అన్నీ ఇంటి మీటరు మీదనే.

ఫక్కీరప్ప వచ్చినాడు,
చెవి మీద బీడీకి బదులు టెస్టరు.
మూత తీయకుండానే మూతి తిప్పినాడు.
"ఎర్రిస్వామి రానీ, పోలు కాడ ఫీజు పీకనీ.
మీటరు నుంచి దీంట్లోకొచ్చే తీగ
మెయిను దించినా బతికే ఉంటాది.
నిద్రపోయిన పాము కాదు,
నిద్రపోయినట్టుండే పాము."

ఎర్రిస్వామా!
ఆ లైన్‌మ్యాను బండి శబ్దానికే కదా
ఐదేండ్ల నుంచీ నేను ఆ పిడి దించుతాండేది.
వీధి మొగదాల, అడ్డం ఎవరూ లేకున్నా,
పొడుగ్గా హారను కొడతాడు.
సిద్దవ్వ ఇంట్లో మిషను ఆగుతాది,
ఆ ఆగడమే మాకు కబురు.
ఇంటింటికీ గడప దాటుకుంటా
నిశ్శబ్దం వస్తాది.
టక్కుమని దించి
మోటార్ల మీద దుప్పటి కప్పి
చేట ముందరేసుకొని కూర్చుంటాను,
రాళ్లు లేని బియ్యంలో
రాళ్లు ఏరుతా.

ఈ పొద్దు దుప్పటి కప్పలేదు.
పిలిచింది నేనే.
కప్పితే ఇంకా ఎక్కువ కనపడతాయి.

అతను నిచ్చెన ఎక్కి పీకినాడు.
మా ఒక్క ఇంటిది కాదు, నాలుగిండ్లది పోయె.
మిషన్ల చప్పుడుకు పండుకునే చిన్నోడు
చప్పుడు లేక ఉలిక్కిపడి లేచె.

ఫక్కీరప్ప డబ్బా విప్పినాడు.
బల్లి లేదు, చీమలు లేవు.
నీలం నూగు, పాంట్ల నుంచి రాలిన నూగు,
పిచ్చుక గూడంత.
దాని కింద ఇత్తడి నాలికలు
కాలి, గుంతలు పడి.

"వన్నూరక్కా, దీన్ని ఎవరో
లోడు మీద దించినారు.
ఒకసారి కాదు, వందల సార్లు.
మిషను తిరుగుతాండంగా దించితే
లోపల మెరుపు పుడతాది,
పుట్టినప్పుడల్లా రోంత కొరుక్కుంటాది.
ముందు మిషను ఆపల్ల, ఆమీట మెయిను."

అంత టయం ఎవరిస్తారప్పా
అనబోయి, ఎర్రిస్వామి పక్క చూసినా.
అతను మీటరు అద్దం మీది నూగును
బొటనవేలితో తుడుస్తాండాడు.
నీలంలో నుంచి అంకెలు
ఒకటొకటే బయటికొచ్చె.
వేలు చూసుకొని
పాంటుకు రాసుకున్నాడు.
ఆ నూగు ఈ పొద్దు పుట్టింది కాదని
అతనికీ తెలుసు.

కొత్తది తెల్లగా, ఎర్ర పిడి,
ఫేజూ న్యూట్రలూ రెండూ ఒక్కసారే తెగేది.
ఫక్కీరప్ప స్క్రూ బిగించి తీగ లాగి చూసె,
మళ్లీ బిగించి మళ్లీ లాగె,
వియ్యంకుని మాట నమ్మనోని మాదిరి.
"ఎత్తు ఎంతక్కా?"
"స్టూలు లేకుండా నా చెయ్యి అందేంత."
సామాను దుడ్డు తీసుకున్నాడు.
కూలికి బదులు కొడుకు పాంటు
మోకాళ్లు కుట్టియ్యమన్నాడు.

"ఎయ్యక్కా" అని పోలు మీద నుంచి కేక.
ఎత్తినా.
డబ్బా ఏమీ మాట్లాడలే.

ఎర్రిస్వామి చెంబెడు నీళ్లు తాగి
బండి తిప్పుకుంటా అన్నాడు:
"మిషన్లకు వేరే మీటరు రాయించుకో.
మంట హారను కొట్టి రాదు."

చిన్నోడు మళ్లీ పండుకున్నాడు, చప్పుడులో.
అంతలో మొగదాల అదే హారను, పొడుగ్గా,
పొయ్యేటప్పుడు కూడా.
పెడలు మీద నుంచి కాలు తీసినా,
మిషను పూర్తిగా ఆగిందాకా చూసినా.
చెయ్యి మటుకు పైకి లేచి
ఎందుకు లేచిందో మరిచి
ఊరికే
జడ సర్దుకున్నింది.